‘బిల్డప్పు’ అనే ముందు

రెండు నెలల క్రితం ఆఫీసులో జరిగిన ఒక సమావేశంలో, నా పక్కన కూర్చున్న సహోద్యోగి పది నిమిషాల తేడాతో నా చెవిలో రెండు మాటలు వేశాడు. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని ఒక అమ్మాయి, ఎవరూ ముట్టుకోవడానికి ఇష్టపడని ఒక పాత పనిని ప్రస్తావించి, “ఇది నేను చేయగలను, నాకు మూడు వారాలు ఇవ్వండి” అంది. కుర్చీలోంచి సగం లేచి మరీ చెప్పింది. గొంతు ఆ గదికి అవసరమైన దానికంటే కొంచెం పెద్దదిగానే పలికింది. “బిల్డప్పు చూశారా” అన్నాడు నా పక్కనున్నాయన. నేను నవ్వాను. తరువాత, చాలా ఏళ్ళ అనుభవం ఉన్న ఒక పెద్దాయన అంతకంటే పెద్ద పని గురించి, గడువు ఊసే ఎత్తకుండా, వెనక్కి వాలి కూర్చుని “అది నాకు వదిలెయ్యండి” అన్నారు. పక్కనున్నాయన మళ్ళీ నా వైపు వంగి, ఈసారి మెచ్చుకోలుగా, “ఆయన ధీమా చూడండి” అన్నాడు. దానికీ తలూపాను.

ఇంటికి వెళ్ళే దారిలో ఆ రెండు మాటలూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఇద్దరూ చేసింది ఒకటే: ఇంకా చేతికి రాని ఫలితం గురించి నలుగురి ముందు మాట ఇవ్వడం. నిజానికి ఆ అమ్మాయే ఎక్కువ పూచీ పడింది, ఎందుకంటే గడువు చెప్పింది. అయినా ఒకరిది బిల్డప్పు అయింది, ఇంకొకరిది ధీమా అయింది. ఆ అమ్మాయి మూడు వారాల్లో పని పూర్తి చేసి అందరి నోళ్ళూ మూయించిందని రాయగలిగితే ఈ వ్యాసం ఇక్కడితోనే అయిపోయేది. అలా జరగలేదు. ఐదు వారాలు పట్టింది, మధ్యలో ఇద్దరి సాయం కూడా తీసుకుంది. పెద్దాయన పని ఇంకా నడుస్తూనే ఉంది. గడువు లేదు కాబట్టి అది ఆలస్యమైందని ఎవరూ అనలేరు. నా పక్కనున్నాయన మాత్రం “నేను ఆరోజే చెప్పానా” అన్నాడు, ఆ అమ్మాయి గురించే.

వినిపించే గొప్పలు, కనిపించే గొప్పలు

గొప్పలకు పోయేవాళ్ళను వెక్కిరించడానికి మన దగ్గర మాటలకు కొదవ లేదు. ఒక కాగితం తీసుకుని రాయడం మొదలుపెడితే అరగంటలో రెండు వైపులా నిండిపోయింది. డబ్బా కొట్టుకోవడం, బాకా ఊదుకోవడం, కోతలు కోయడం, గప్పాలు కొట్టడం, బీరాలు పలకడం, ఎచ్చులకు పోవడం ఒక వైపు; పోజులు కొట్టడం, షో చేయడం, బిల్డప్పు ఇవ్వడం, కలరింగ్ ఇవ్వడం, సీన్ చేయడం, ఓవరాక్షన్ ఇంకో వైపు. నేను కావాలని విడదీసి రాయలేదు గాని, పాతవీ కొత్తవీ వాటంతట అవే విడిపోయాయి. పాతవి చాలావరకు చెవికి సంబంధించినవి. డబ్బా మోగుతుంది, బాకా మోగుతుంది. ఆడంబరం అనే పెద్దమనిషి లాంటి మాట కూడా సంస్కృతంలో మొదట ఒక రకం భేరికీ, దాని మోతకూ పేరు. కంచు మోగినట్టు కనకం మోగదని వేమన అన్నప్పుడు కూడా లెక్క చెవిదే. కొత్తవి కంటికి సంబంధించినవి. పోజు ఫొటో తీయించుకునే చోటు నుంచి వచ్చింది, సీనూ ఓవరాక్షనూ నాటకాల నుంచి, సినిమాల నుంచి వచ్చాయి, ఈ మధ్య కుర్రవాళ్ళు ఎక్కువగా అంటున్న ‘ఎలివేషన్’ అయితే అచ్చంగా సినిమా మాటే. ఒకప్పుడు గొప్పలు వినిపించేవి, ఇప్పుడు కనిపిస్తున్నాయి. వెక్కిరింత కూడా వాటి వెంట చెవి దగ్గర నుంచి కంటి దగ్గరకు మారింది.

ధైర్యం మాటలు ఇందుకు పూర్తిగా వేరు. అవి ఒంటి లోపల ఉంటాయి. దమ్ము అంటే ఫారసీలో ఊపిరి. ఎగశ్వాసతో బాధపడేవారిని ‘దమ్ము వస్తోంది’ అనడంలోనూ, పొగ తాగేవాడు ‘ఒక దమ్ము లాగి వస్తా’ అనడంలోనూ ఆ ఊపిరే ఉంది. కలేజా అన్నా జిగర్ అన్నా కాలేయం. గట్స్ అంటే పేగులు. మనకు సొంతంగా ఉన్నది గుండె. దానికి ధైర్యం, దిటవు, నిబ్బరం అన్నీ తగిలిస్తాం, చిక్కబట్టుకుంటాం, అవసరమైతే రాయి చేసుకుంటాం. ఆత్మస్తుతి మాత్రం ఒంటి పైన జరుగుతుంది: కాలరు ఎగరెయ్యడం, మీసం మెలెయ్యడం, తొడ కొట్టడం, రొమ్ము విరుచుకోవడం, జబ్బలు చరుచుకోవడం. ఈ రెండింటికీ మధ్య, చర్మానికీ గుండెకూ నడుమ, ఇంకొక పొర ఉంది. కొవ్వు, బలుపు, కండకావరం. ‘వాడికి బాగా కొవ్వెక్కింది’ అన్నప్పుడు మనం వాడికి ధైర్యం లేదని అనడం లేదు, ఉన్నట్టు నటిస్తున్నాడనీ అనడం లేదు. ఉండవలసిన దానికంటే ఎక్కువ ఉందంటున్నాం. ఎంత ఉండాలన్నది ఎవరు కొలిచారు అన్నది వేరే సంగతి, దానికి మళ్ళీ వస్తాను.

లోపల ఉన్నది మనకు కనిపించదు, పైన ఉన్నదే కనిపిస్తుంది. గుండె ఉన్నవాడు మాట్లాడినా, లేనివాడు మాట్లాడినా, మన దాకా వచ్చేది గొంతూ భంగిమా మాత్రమే. అలాంటప్పుడు ఇది దమ్మా, బిల్డప్పా అని ఎలా తేలుస్తున్నాం? చాలాసార్లు తేల్చడం లేదని నా అనుమానం. మాట్లాడినవారి వయసు, హోదా, వేషం చూసి ముందే ఒక నిర్ణయానికి వచ్చి, దానికి సరిపడే మాటను సంచిలోంచి తీస్తున్నాం.

సగం మరిచిపోయిన కథలు

ఈ అనుమానం బలపడింది ఉత్తరకుమారుడి వల్ల. ప్రగల్భాలు అనగానే ముందు గుర్తొచ్చే పేరు అతనిదే. గోవులను కౌరవులు తోలుకుపోయారన్న కబురు వచ్చినప్పుడు అంతఃపురంలో ఆడవాళ్ళ మధ్య కూర్చుని, సారథి ఒక్కడు దొరికితే కౌరవసేననంతా ఊదేస్తానన్నాడు. చెల్లెలు బొమ్మలకు కట్టడానికి వాళ్ళ పట్టుబట్టలు తెమ్మంది. తీరా బృహన్నల తోలిన రథంలో వెళ్ళి ఆ సేనను చూడగానే, రథం దిగి పరుగెత్తాడు. మన వాడుకకు ఇక్కడి దాకానే కావాలి. కానీ భారతం ఇక్కడ ఆగలేదు. అర్జునుడు పట్టి తెచ్చిన తరువాత, వణుకుతూనే శమీవృక్షం ఎక్కి ఆయుధాలు దించింది ఆ కుర్రవాడే. భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు ఎదురుగా నిలబడి బాణాలు వేస్తుంటే పగ్గాలు వదలకుండా రథం తోలిందీ అతనే. కురుక్షేత్రంలో మొదటి రోజున ఏనుగునెక్కి శల్యుడి మీదికి వెళ్ళి, అతని గుర్రాలను చంపి, అతని చేతిలోనే ప్రాణం వదిలాడు. పారిపోయినవాడు తిరిగొచ్చి నిలబడడం, మొదటి నుంచీ నిలబడినవాడు నిలబడడం కంటే కష్టమని నాకనిపిస్తుంది. మన సామెత మాత్రం అంతఃపురం గుమ్మం దాటి రాలేదు.

తురుంఖాన్ సంగతి ఇంకా అన్యాయం. ‘నువ్వేమైనా పెద్ద తురుంఖాన్ అనుకుంటున్నావా’ అని మనం ఎవరినైనా ఆట పట్టిస్తాం. ఆ మాట హైదరాబాదు తుర్రెబాజ్ ఖాన్ పేరు నుంచి వచ్చిందని జనం చెప్పుకుంటారు. 1857 జూలై 17న, మౌల్వీ అల్లావుద్దీన్‌తో కలిసి, మనుషులను కూడగట్టుకుని, కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద దాడి చేసినవాడు ఆయన. గెలవలేదు. తరువాత పట్టుబడ్డాడు, శిక్ష పడింది, 1859 జనవరిలో చెరసాల నుంచి తప్పించుకున్నాడు, కొద్ది రోజులకే తూప్రాన్ దగ్గర చంపేశారు, శవాన్ని నగరంలో అందరూ చూసేలా వేలాడదీశారు. ఆ పేరు వెక్కిరింతగా ఎలా మారిందో ఊహించడం కష్టం కాదు: మొదట ఎవరినో నిజంగా మెచ్చుకుంటూ అని ఉంటారు, ఆ తరువాత ‘నువ్వంత వాడివా’ అని ఇంకెవరినో దబాయించి ఉంటారు, చివరికి దబాయింపు మిగిలింది. మెచ్చుకోలుకు వాడిన పేరునే వెటకారానికి వాడడం ఎక్కడైనా ఉన్నదే. ముప్ఫై ఈగలను చంపి తీస్‌మార్‌ఖాన్ అయినవాడికీ, రెసిడెన్సీ మీదికి వెళ్ళినవాడికీ వాడుకలో ఒకే వరుసలో పీట వెయ్యడమే నాకు నచ్చనిది.

మూడోది మేకపోతు గాంభీర్యం. గుహలో చిక్కుకున్న మేకపోతు, సింహం రాగానే బెదరకుండా గడ్డం సవరించుకుని, ఇన్ని పులులను తిన్నాను, ఇన్ని ఏనుగులను తిన్నాను, ఇక సింహాలే తరువాయి అని దాన్ని హడలగొట్టిన కథ చాలామంది చిన్నప్పుడు వినే ఉంటారు. ఆ కథలో మేకపోతు బతికింది. దాన్ని బతికించింది ఆ గాంభీర్యమే. కానీ మేకపోతు గాంభీర్యం అని మనం ఎవరినైనా అంటే అది పొగడ్త కాదు.

పటాటోపం అన్న మాట మనకు ఆర్భాటానికి పర్యాయపదం. అది సంస్కృతంలో ఫటాటోపం, అంటే పాము పడగ విప్పి పొంగడం. పాత నీతిశ్లోకం ఒకటి, విషం లేని పాము అయినా సరే పెద్దగా పడగ విప్పాలి, విషం ఉన్నా లేకపోయినా పడగ చూస్తేనే భయం కలుగుతుంది అంటుంది. అక్కడ అది బలహీనుడికి చెప్పిన ఉపాయం. మన దాకా వచ్చేసరికి అది బలహీనుడి మీద మోపిన నేరం అయింది.

మా నాన్న సంతకం

మేకపోతు గాంభీర్యం అనే మాట మా పిన్ని నోట విన్నది నాకు బాగా గుర్తు. అమ్మకు ఆపరేషన్ జరిగిన రోజు అది. నాన్న పొద్దుటి నుంచీ వచ్చినవాళ్ళందరికీ “ఏం కాదు, చిన్న ఆపరేషనే, సాయంత్రానికల్లా లేచి కూర్చుంటుంది” అని చెబుతూనే ఉన్నారు. వార్డులో ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోందని అక్కడి మనిషితో వాదించారు. నాకు టిఫిన్ తిన్నావా అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ జవాబు వినలేదు. అంగీకారపత్రం తెచ్చి ఇచ్చినప్పుడు, చదవకుండా, చాలా హుందాగా జేబులోంచి సొంత కలం తీసి సంతకం చేశారు. ఆయన సంతకంలో చివర ఒక పొడవాటి గీత ఉంటుంది. ఆరోజు ఆ గీత కాగితం అంచు దాటి అట్ట మీదికి వెళ్ళిపోయింది. అది చూసుకుని, అదే సంతకం మీద మళ్ళీ ఇంకోసారి దిద్దారు. కాగితం తీసుకున్న నర్సు ఏమీ అనలేదు.

“మేకపోతు గాంభీర్యం మీ నాన్నది” అంది పిన్ని నాతో, మెల్లగా, ప్రేమగానే. నాకు అప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ సంతకం నేనూ చూశాను, ఆయన భయపడుతున్నారని నాకూ తెలిసింది. అయినా ఆ రోజంతా నేను పట్టుకుని వేలాడింది ఆ గాంభీర్యాన్నే. ఆయన నిజం ఒప్పుకుని ఆ బల్ల మీద కూలబడి ఉంటే అది ఎక్కువ నిజాయితీ అయి ఉండేదేమో, నాకు మాత్రం ఏ ఉపయోగమూ ఉండేది కాదు. పై మెరుగు అని మనం తీసిపారేసేది ఒక్కోసారి ఎదుటివాళ్ళ కోసం పెట్టుకున్నది కూడా కావచ్చు.

అప్పటి నుంచి ఆ మాటను నేను ఎవరినీ అనలేదని చెప్పడానికి లేదు. చాలాసార్లు అన్నాను. తయారుగా ఉన్న మాటలో ఉన్న చిక్కే అది.

ఏం చూసుకుని?

ఇప్పుడు కొవ్వు దగ్గరికి మళ్ళీ వస్తాను. కాగితం మీద రాసుకున్న జాబితాలో నాకు ఆశ్చర్యం కలిగించినది ఉన్న మాటల కంటే లేని మాటలు. తన మీద తనకు ఉన్న మామూలు నమ్మకానికి వాడుకలో, వెటకారం అంటుకోని మాట ఏదైనా ఉందా అని వెతికాను. ఆత్మవిశ్వాసం ఉంది గాని, దాన్ని ఉపన్యాసాల్లో వాడతాం, ఇంట్లో వాడం. కాన్ఫిడెన్స్ అంటాం; కానీ నేను విన్నంతలో ‘ఓవర్ కాన్ఫిడెన్స్’ అన్న మాటే ఎక్కువ వినిపిస్తుంది, ఆ ‘ఓవర్’ లేకుండా అది ఒంటరిగా బయటికి రావడానికి మొహమాటపడుతున్నట్టు. ధీమా ఉంది, మంచి మాట. కానీ దాని ముందు ఎప్పుడూ ఒక ప్రశ్న తిరుగుతూ ఉంటుంది: ఏం చూసుకుని నీకా ధీమా? పొగరుకూ అదే ప్రశ్న. ఏం చూసుకుని?

ఈ ప్రశ్నను ఒకసారి నిదానంగా చూడాలి. నమ్మకానికి వెనక ఏదో ఒకటి ఉండి తీరాలని, అది డబ్బో, కులమో, అండగా నిలిచే మనిషో, కనీసం చదువో అయి ఉండాలని ఈ ప్రశ్న ముందే అనుకుంటోంది. తాకట్టు లేకుండా అప్పు పుట్టనట్టే, చూపించడానికి ఏదీ లేకుండా ధీమా ఉండకూడదు. పెద్దాయన “నాకు వదిలెయ్యండి” అన్నప్పుడు ఏం చూసుకుని అని ఎవరూ అడగరు; చూసుకోవడానికి ఆయన కుర్చీ ఉంది. కొత్తగా వచ్చిన అమ్మాయికి చూసుకోవడానికి తాను తప్ప ఇంకేమీ లేదు. ఆ ‘తాను’ లెక్కలోకి రాదు. కాబట్టి ఉండవలసిన దానికంటే ఎక్కువ ఉందని తేల్చడానికి మనం వాడే కొలపాత్ర మనిషి లోపలిది కాదు, మనిషి వెనక ఉన్నది.

ఆడవాళ్ళ విషయంలో ఈ కొలత ఇంకా చిన్నది. తెగించాడు అంటే ప్రాణానికి వెరవలేదని అర్థం. తెగించింది అంటే వినేవాళ్ళు ఒక క్షణం ఆగి, ఏ విషయంలో అని చూస్తారు. బరితెగించింది అంటే ఇక అడగవలసింది లేదు. ఒకే క్రియ, ప్రత్యయం మారేసరికి వీరం కాస్తా సిగ్గులేనితనం అవుతోంది. ధైర్యంగా ఉన్న ఆడపిల్లను మెచ్చుకోవాలంటే మగరాయుడు అంటాం, భయపడిన మగపిల్లవాణ్ణి తిట్టాలంటే గాజులు తొడుక్కోమంటాం. మా మేనకోడలు పదేళ్ళప్పుడు, “గాజులకూ భయానికీ ఏం సంబంధం మావయ్యా?” అని అడిగింది. తన చేతికి గాజులు ఉన్నాయి, ఆ మాట అన్నవాడి కంటే ఎత్తయిన గోడ మీద కూర్చుని ఉంది. నా దగ్గర జవాబు లేక, కిందికి దిగమన్నాను.

దమ్ముంటే

వెక్కిరించే మాటల మీద ఇంత సేపు విరుచుకుపడ్డాను గనుక, ఎగదోసే మాటల గురించి కూడా నిజం చెప్పాలి. నా ఎడమ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా వంగదు. పన్నెండేళ్ళప్పుడు ఆరుగురం స్నేహితులం ఒక దిగుడుబావి గట్టు మీద నిలబడి ఉండగా ఒకడు “దమ్ముంటే దూకు” అన్నాడు. నేను దూకాను. నీళ్ళకంటే ముందు మెట్టు అంచు తగిలింది. నా తరువాత దూకవలసినవాడు, “నాకు భయం, నేను దూకను” అని, మెట్ల మీదుగా దిగి వచ్చి నన్ను పైకి లాగాడు. ఆ తరువాత నాలుగేళ్ళపాటు బడిలో వాడి పేరు పిరికి. నా పేరు, కట్టు కట్టిన చేతితో సహా, హీరో.

ఇది ఎక్కడికి దారి తీస్తుందో మీకు తెలిసిపోయి ఉంటుంది. ఆరోజు అసలు ధైర్యవంతుడు వాడేనని నేను చాలాకాలంగా అనుకుంటూ వచ్చాను, నలుగురికీ చెప్పాను కూడా. కిందటి ఏడాది వాడు కలిసినప్పుడు వాడికే చెప్పాను. వాడు పగలబడి నవ్వాడు. “ధైర్యమేంట్రా, నాకు ఈత రాదు, అంతే. ఈత వచ్చి ఉంటే నీకంటే ముందే దూకేవాణ్ణి” అన్నాడు. అంటే వాడి మీద నేను వేసిన వీరతాడు కూడా, బడిలో వాళ్ళు వేసిన పిరికి ముద్ర లాంటిదే, లోపల ఏముందో తెలియకుండా వేసింది. అయినా ఒక సంగతి మిగిలే ఉంది. దమ్ముంటే అన్న ఒక్క మాటకు ఆరుగురిలో ఒక్కడికి తప్ప ఎవరికీ ఎదురుమాట తోచలేదు. ‘మగాడివైతే’, ‘దమ్ముంటే’, ‘నీకంత సీనుందా’ అనేవి ప్రశ్నల్లా వినిపిస్తాయి గాని, వాటికి జవాబుగా మాట సరిపోదు, ఒంటిని ఇవ్వాలి. బిల్డప్పు అన్న వెక్కిరింత మనిషిని కూర్చోబెడుతుంది, దమ్ముంటే అన్న రెచ్చగొట్టడం మనిషిని బావిలోకి తోస్తుంది. రెండింటిలో ఏది ఎక్కువ చెరుపు చేస్తుందంటే, నా మణికట్టు ఒక మాట చెబుతుంది, ఆఫీసు అమ్మాయి ఇంకో మాట చెబుతుంది.

ఒప్పుకోవలసినవి

ఈ వ్యాసం సగం రాసిన తరువాత ఒక మిత్రుడికి చదివి వినిపించాను. ఆయన ఒప్పుకోలేదు. “వెటకారం లేకపోతే లేనివాడి దగ్గర ఇంకేముంది? ‘అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుంది, ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది’ అని ఎవరన్నారు, జమీందారులా? మీసాలకు సంపెంగనూనె రాసుకున్నవాణ్ణి చూసి నవ్వింది ఎవరు?” అన్నారు. ఆయన మాటలో బలం ఉంది. పెద్దరికం పేరుతో నెత్తికెక్కి కూర్చునేవాళ్ళను కిందికి దించడానికి ఈ మాటలు ఎంతో పనికొచ్చాయి, ఇప్పటికీ పనికొస్తున్నాయి. లేని అర్హతలు చెప్పుకుని జనం డబ్బుతో ఆడుకునేవాణ్ణి ‘కోతలరాయుడు’ అనడానికి కూడా మొహమాటపడమని నేను అనను.

కానీ ఒక తేడా నేను గమనించాను. పైవాడి గురించి ఈ మాట అన్నప్పుడు గొంతు తగ్గిస్తాం, తలుపు వైపు ఒకసారి చూస్తాం. కిందివాడి గురించి అన్నప్పుడు వాడికి వినిపించేలాగే అంటాం, ఒక్కోసారి వాడికి వినిపించడం కోసమే అంటాం. ఆ మాటను జమీందారు ముఖం మీద అన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో గాని, మొదటిసారి వేదిక ఎక్కిన పిల్లవాడి ముఖం మీద అన్నవాళ్ళను నేనే చాలామందిని చూశాను. నా మిత్రుడు ఇది విని కాసేపు ఆలోచించి, “అది మాట తప్పు కాదు, అన్నవాడి తప్పు” అన్నారు. కావచ్చు. మాటకు తనంతట తాను ఏ తప్పూ ఉండదు. కాకపోతే నాలుక చివర సిద్ధంగా ఉన్న మాట, ఆలోచించే పని తగ్గించేస్తుంది. మూడు వారాల గడువు సాధ్యమా కాదా అని ఆరోజు నేను ఒక్క క్షణం కూడా లెక్క వెయ్యలేదు, ‘బిల్డప్పు’ అన్న మాట వినగానే లెక్క అయిపోయినట్టు అనిపించింది. లెక్క వేసి ఉంటే ఐదు వారాలు పడుతుందని నేనే చెప్పగలిగేవాణ్ణి. అది ఆ అమ్మాయికి వెక్కిరింత కంటే ఎక్కువ పనికొచ్చేది.

ఇంకొక సందేహం కూడా నన్ను వదలలేదు. బిల్డప్పు ఇచ్చేవాళ్ళందరూ ఉత్తరకుమారులై తిరిగి వచ్చి పగ్గాలు పట్టరు. చాలామంది రథం దిగి పరుగెత్తినవాళ్ళు అలాగే పరుగెత్తుతూ వెళ్ళిపోతారు, మళ్ళీ ఇంకో అంతఃపురంలో అవే కబుర్లు మొదలుపెడతారు. అటువంటివాళ్ళు నాకూ తెలుసు. ఒకరికి అప్పు కూడా ఇచ్చాను. ఎవరు ఏ రకమో ముందుగా చెప్పే విద్య నా దగ్గర లేదు. ఉత్తరుడి వెంట అర్జునుడు ఉన్నాడు, పారిపోతున్నవాణ్ణి చూసి నవ్వకుండా వెనకాలే పరుగెత్తి పట్టుకున్నాడు. ఆ పరుగులో బృహన్నల జడ ఊగుతుంటే కౌరవసేన మాత్రం నవ్విందట.

ఈ మాటల్లో కొన్ని వాటంతట అవే బాగుపడడం కూడా చూస్తున్నాను. ‘తోపు’ ఉర్దూలో ఫిరంగి. ‘నువ్వేమైనా పెద్ద తోపా?’ అన్నది ఒకప్పుడు అచ్చమైన దబాయింపు. ఇప్పుడు మా మేనకోడలి ఈడు పిల్లలు, లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న స్నేహితురాలిని “అది తోపు” అని మనస్ఫూర్తిగా అంటున్నారు. వెటకారం నుంచి మెచ్చుకోలు వైపు నడిచిన మాట అది ఒక్కటే కాదు. ‘మాస్’ కూడా కొంత అలాంటిదే. తురుంఖాన్ వెళ్ళిన దారికి ఇది ఎదురుదారి. పిల్లలు అనుకోకుండా చేస్తున్న ఈ పని చూస్తే నాకు ముచ్చటగా ఉంటుంది. ఓవరాక్షన్ ఎప్పటికైనా అలా మారుతుందా అంటే, అది అంత తేలికగా లొంగేలా లేదు.

మొన్న మళ్ళీ సమావేశం జరిగింది. ఆ అమ్మాయి కొత్త పని ఒకటి తీసుకుంటానంది. ఈసారి కుర్చీలోంచి లేవలేదు, గొంతు కూడా తగ్గింది. “ఐదు వారాలు అనుకుంటున్నాను, ఆరు కూడా కావచ్చు” అంది. నా పక్కనున్నాయన అలవాటుగా నా వైపు వంగాడు. నేను నవ్వలేదు. అలాగని ఆయనను ఏమీ అనలేదు కూడా. నా ముందున్న కాగితం మీద ఐదు అంకె వేసి, దాని చుట్టూ సున్నా చుట్టి, ఆ సున్నా మీదే మళ్ళీ మళ్ళీ దిద్దుతూ కూర్చున్నాను.